వెబ్‌సైట్‌కి పెట్టిన దిష్టి చుక్క

ఇప్పుడు మా మనవరాలు ఫోన్ పైకెత్తి ఒకసారి నొక్కితే చాలు, ఫోటో లోకమంతా తిరిగొస్తుంది. అప్పట్లో ఇంత సుఖం ఎక్కడిది? ఒక్క ఫోటో వెబ్‌సైట్‌లోకి ఎక్కాలంటే కెమెరాలోంచి గోరంత కార్డు ఊడదీయాలి, దాన్ని కంప్యూటర్ పక్కనున్న సన్నటి సందులోకి దూర్చాలి (తిరగేసి పెడితే దూరదు, బలవంతంగా నెడితే మా మేనకోడలు కేకలేస్తుంది), ఆ తర్వాత ఒక నీలం గీత ఎడమ నుంచి కుడికి పాకుతుంటే దాన్నే చూస్తూ కూర్చోవాలి. ఆ గీత అటు చేరేలోపు నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీసి, తుంచి, కడిగి కూడా పెట్టేదాన్ని. చదువుకున్నవాళ్లు దాన్ని లోడింగ్ అంటారు. మా ఇంట్లో మాత్రం చాన్నాళ్లు దానికి చిక్కుడుకాయల టైము అనే పేరు.

మొన్న ఆ మనవరాలే, "అమ్మమ్మా, నీ యంగ్ ఏజ్‌లో ఫన్నీగా ఏమైనా జరిగిందా?" అని అడిగింది. ఆ వయసులో నాకు నవ్వే తీరిక ఎక్కడ ఏడ్చింది? ఐదో తరగతి మధ్యలో బడి మానిపించారు, ఆ తర్వాత ఒకరి వంట అయితే ఇంకొకరి వంట. కానీ ఉద్యోగంలో కుర్రతనం అంటూ ఒకటుంటుందిగా, కొత్తగా చేరినవాళ్లకి అన్నీ తెలుసనే పొగరు, అది నాకూ ఉండేది. కాకపోతే నేను ఉద్యోగంలో చేరేనాటికి నాకు యాభై ఎనిమిదేళ్లు. అందుకని నా కుర్రతనం కబుర్లు అక్కణ్ణుంచే మొదలుపెడతాను, మీరేమీ అనుకోకండి.

మా తమ్ముడు మిషిగన్‌లో ఫార్మింగ్టన్ హిల్స్ అనే ఊళ్లో ఉండేవాడు, కార్ల కంపెనీలో ఇంజనీరు. నేను కొన్నాళ్లు హెర్న్‌డన్‌లో మా అమ్మాయి దగ్గర, కొన్నాళ్లు వాడి దగ్గర ఉండేదాన్ని. (హెర్న్‌డన్‌కి మా వియ్యపురాలు వచ్చిందంటే నేను మిషిగన్‌కి టికెట్ కొనమనేదాన్ని. ఆవిడ మంచిదే, కాకపోతే పంపు కట్టకుండా గిన్నెలు తోముతుంది. ఆ నీళ్ల చప్పుడు నాకు నిద్రలో కూడా వినపడుతుంది.) కార్ల కంపెనీలు వరసగా మనుషుల్ని ఇంటికి పంపేస్తున్న రోజులవి. వాణ్ణీ పంపేశారు. వాడు నెల్లాళ్లు సోఫాలో కూర్చుని, నెల తిరిగాక లేచి ఒక పాత వ్యాన్ కొనుక్కొచ్చి, చిన్న కన్‌స్ట్రక్షన్ కంపెనీ పెట్టానన్నాడు. మా మరదలు ఏడుపు ముఖం పెట్టింది. నాకు మాత్రం ఆశ్చర్యం వేయలేదు. చిన్నప్పుడు ఇంట్లో అగ్గిపెట్టెలు ఖాళీ కాకుండానే పుల్లలు పారబోసి, పెట్టెలతో మేడలు కట్టినవాడు వాడు. ఎన్నిసార్లు వీపు మీద వేశానో!

వాడు ఎక్కువగా చేసే పని బేస్‌మెంట్లు. మిషిగన్‌లో ఇంటి కింద ఇంకో ఇల్లంత ఖాళీ ఉంటుంది. మనవాళ్లు ఇల్లు కొన్న కొత్తలో దాన్నిండా సూట్‌కేసులు పెట్టుకుంటారు. ఆ తర్వాత ఎదురింటివాళ్లు బేస్‌మెంట్‌లో సినిమా హాలు కట్టించుకున్నారని తెలిసి, మనసు ఆగక మా తమ్ముణ్ణి పిలుస్తారు. వాడు గోడలు లేపి, రంగులు వేసి, దీపాలు పెట్టి వస్తాడు. అయితే నేల కింద గదులు కదా, చెమ్మ భయం. చెమ్మ చేరితే గోడ మూల నల్లగా మచ్చ కట్టి మోల్డ్ అనే బూజు పుడుతుంది. ఆ మాట వింటే చాలు, అక్కడివాళ్లు పామును చూసినట్టు ఉలిక్కిపడతారు. ఈ ముక్క మీరు గుర్తుపెట్టుకోండి. అప్పుడు నేను గుర్తుపెట్టుకోలేదు, అందుకే ఇప్పుడు ఇదంతా రాయాల్సొస్తోంది.

కంపెనీకి ఒక వెబ్‌సైట్ ఉండేది. మా మేనకోడలు హైస్కూల్లో ఉండగా సరదాగా చేసిపెట్టింది. ఆ పిల్ల ఆన్ ఆర్బర్‌లో కాలేజీకి వెళ్లిపోయాక దాన్ని ముట్టుకున్నవాళ్లు లేరు. చివరి బ్లాగులో వేసవి శుభాకాంక్షలు అని ఉంది, బయట చూస్తే ఆకులు రాలిపోతున్నాయి. ఫోన్లు రావడం తగ్గింది. ఈలోగా టెక్సాస్‌లో ఎవరో ఉద్యోగం ఇస్తామన్నారు. వాడు ఒప్పుకుంటే ఒక్కడే వెళ్లాలి, ఎందుకంటే మరదలి ఫార్మసీ ఉద్యోగం ఇక్కడ, పిల్ల చదువు ఇక్కడ. నవంబరు ఆఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండగలోగా జవాబు చెప్పాలన్నారు. చలికాలానికి సరిపడా పనులు దొరికితే కంపెనీ ఉంటుంది, లేకపోతే వ్యాన్ అమ్మేసి వాడు టెక్సాస్ వెళతాడు. జుట్టు నిండా సున్నప్పొడి వేసుకుని, కూనిరాగం తీస్తూ ఇంటికొచ్చే మనిషి, మెడకి బిళ్ల తగిలించుకుని మళ్లీ ఆఫీసులో కూర్చుంటాడంటే నాకు అన్నం సయించేది కాదు. పైకి ఎప్పుడూ అనలేదు. అన్నం మాత్రం పారేయలేదు.

ఒక ఆదివారం భోజనాల దగ్గర మేనకోడలు మొదలుపెట్టింది.

"నాన్నా, నీ వెబ్‌సైట్ చూస్తే కంపెనీ క్లోజ్ అయిపోయింది అనుకుంటారు."

"నువ్వు అప్‌డేట్ చెయ్యొచ్చు కదరా తల్లీ!"

"నాకు మిడ్‌టర్మ్స్ నాన్నా! అమ్మ చెయ్యొచ్చు కదా?"

"ఆ, పొద్దస్తమానం ఫార్మసీలో నిలబడి వచ్చి, మళ్లీ నీ వెబ్‌సైట్ ముందు కూర్చుంటాను!" అంది మరదలు. "మీ అత్తయ్య ఖాళీగానే ఉంటున్నారుగా, ఆవిడకి నేర్పు."

నవ్వుతూనే అంది. కానీ ఖాళీ అన్న మాట నాకు ఎక్కడో తగిలింది. పొద్దున్నుంచి ఆ ఇంట్లో జిప్‌లాక్ సంచులు కడిగి, గాజు గ్లాసుల మీద బోర్లించి ఆరబెట్టింది ఎవరు? చేతులు తుడిచి పారేసిన పేపర్ టవళ్లు ఏరి, ఆరబెట్టి, పొయ్యి తుడవడానికి పెట్టింది ఎవరు?

"నేర్పవే పిల్లా," అన్నాను. "గ్యాస్ బండ మార్చడం కంటే కష్టమా ఏమిటి?"

"అత్తా, ఆర్ యు సీరియస్?"

"నేను ఎప్పుడైనా నవ్వగా చూశావా?"

నేర్పింది. ఇంగ్లీషు అక్షరాలు నాకు వచ్చు, మందుల సీసాల మీద పేర్లు చదవగలను, అంతవరకే. ఆ పిల్ల బొత్తాల బొమ్మలు గీసి గోడకి అతికించింది. వారం వారం మా తమ్ముడు పూర్తిచేసిన గదుల ఫోటోలు తీసుకొస్తే, పని మొదలుకాకముందు ఫోటో ఒకటి, పూర్తయ్యాక ఫోటో ఒకటి పక్కపక్కన ఎక్కించడం నా పని. ఫోటోలో ఎవరి ఇంటి నంబరైనా, కారు నంబరైనా కనిపిస్తే ఒక కుంచె బొమ్మ నొక్కి దాని మీద నల్లరంగు పూయాలి. ఇక బ్లాగు సంగతి. నేను తెలుగులో ఫోన్లో చెబితే, ఆ పిల్ల క్లాసుకి నడుస్తూ విని, ఇంగ్లీషులో రాసి పెట్టేది. "కార్పెట్ వేయించుకున్నవాళ్లు బూట్లు విప్పి దిగండి. బూట్లతోనే తిరిగేవాళ్లకి కార్పెట్ దండగ, సిమెంటు నేల చాలు" అని నేను చెబితే, అది కాస్తా మెత్తబడి ఏదో సలహాలాగా అచ్చయ్యేది. "వంటింటి అల్మరాలు అందనంత ఎత్తున పెట్టించుకోకండి. ఎవరి కోసం పెడుతున్నారు, పైకప్పు కోసమా?" అన్నది మాత్రం ఉన్నదున్నట్టు వేసింది. దానికి కింద ఎవరో ముసలాయన, మా ఇంట్లో ఇదే గొడవ అని రాశాడట.

ఉద్యోగం అంటే నాకు పట్టుదల ఎక్కువ. కంప్యూటర్‌ని కూడా ఇల్లులాగే చూసుకున్నాను. చోటు తక్కువ ఉంది అని ఒకరోజు అది పసుపు పెట్టెలో చెప్పింది (మేనకోడలు చదివి చెప్పింది). ఒకే గదికి రెండు ఫోటోలెందుకు, దండగ కాకపోతే? నేను దిద్దిన ఫోటో ఉంచి, మొదటిది తీసి చెత్తబుట్టలో వేసేదాన్ని. కంప్యూటర్‌లోనూ ఒక చెత్తబుట్ట బొమ్మ ఉంటుందిగా. దీపం పెట్టే వేళకి ఇంట్లో చెత్త ఉండకూడదు కనుక, రోజూ సాయంత్రం దాన్నీ ఖాళీ చేసేదాన్ని. కాగితాలు నలిపినట్టు చప్పుడయ్యేది. ప్రాణానికి ఎంత హాయిగా ఉండేదో!

ఇలా ఉండగా, ఒక డాక్టరుగారి ఇంట్లో పూర్తయిన బేస్‌మెంట్ ఫోటో పెట్టాను. వెన్నెల రంగు గోడలు, అద్దంలాంటి నేల. ఎంత అందంగా వచ్చిందంటే, మరదలు ఫార్మసీలో అందరికీ చూపించింది. ఆ సాయంత్రమే మా తమ్ముడు వ్యాన్‌లోంచి దిగుతూ నడుం పట్టేసి, గుమ్మంలో అలాగే వంగి నిలబడ్డాడు. మర్నాడు వ్యాన్ కదలనంది. నాకు వెంటనే తెలిసిపోయింది. ఊళ్లో ఇల్లు కట్టుకుంటే వీధిలో పోయే నలుగురు చూస్తారు, దానికే గుమ్మడికాయ కడతాం, దిష్టిబొమ్మ నిలబెడతాం. దీన్ని లోకమంతా చూస్తుందని మేనకోడలే చెప్పింది. లోకమంతా చూసే గదికి రక్షణ ఏది? ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేద్దామంటే, కిందటిసారి అలా చేసినప్పుడు ఇంటి కప్పులో ఉన్న పొగ గంట మోగి, ఫైరింజన్ వచ్చి, నలుగురు మనుషులు గొడ్డళ్లతో వంటింట్లోకి వచ్చారు. (వాళ్లకి మజ్జిగ ఇచ్చి పంపాను.) అందుకని తిన్నగా పసిబిడ్డకి చేసినట్టే చేశాను. కుంచె బొమ్మ నొక్కి, గదికి కుడి పక్క కింది మూల, బుగ్గ మీద పెట్టినంత పొందికగా ఒక నల్ల చుక్క పెట్టాను. చుట్టూ కొంచెం చెదిరింది, కాటుక కూడా చెదురుతుంది కదా. ఆ తర్వాత పాత ఫోటోలన్నీ వరసగా తీసి, పూర్తయిన ప్రతి గదికీ తలా ఒక చుక్క.

అక్కడివాళ్లకి అర్థం కాదేమో అన్న అనుమానం నాకు రాకపోలేదు. కానీ కిటికీలోంచి చూస్తే ఏమిటి? అది అక్టోబర్ నెల. వీధిలో ప్రతి గుమ్మం ముందూ గుమ్మడికాయ. దానికి కళ్లు, కోరలు చెక్కి, లోపల దీపం కూడా పెట్టారు. ఇంత భక్తిగా గుమ్మానికి దిష్టి తీసుకునేవాళ్లకి చుక్క అర్థం కాదా అనుకున్నాను. మీరే చెప్పండి, నేను అనుకున్నదాంట్లో తప్పేముంది?

నడుం నొప్పి తగ్గింది. వ్యాన్ కదిలింది. ఫోన్లు మాత్రం ఆగిపోయాయి.

ఆ దేశంలో మనుషులకి మర్యాద ఎక్కువ. నచ్చకపోతే చెప్పరు, ఊరుకుంటారు. అలా ఊరుకోని మనిషి ఒక్కరే తగిలారు. రిటైరైన స్కూలు టీచరమ్మ, ఒంటరి మనిషి. ఆవిడ అక్క వచ్చి ఆవిడతో ఉండబోతోందట, అందుకని బేస్‌మెంట్ అంతా గదులుగా చేసి, చిన్న వంటిల్లు, స్నానాలగది కట్టించాలి. ఆ పని దొరికితే చలికాలం గట్టెక్కినట్టేనని మా తమ్ముడు ఇంట్లో నడుస్తూ నడుస్తూ అన్నాడు. ఫోన్ పెట్టేశాక కూనిరాగం కూడా తీశాడు. ఆవిడ అడిగింది ఒక్కటే: నువ్వు చేసిన బేస్‌మెంట్ ఒకటి నా కళ్లతో చూడాలి. వీడు సంతోషంగా డాక్టరుగారి ఇంటికి తీసుకెళ్లాడు.

అక్కడ జరిగింది వాడు తర్వాత చెబితే విన్నాను. టీచరమ్మ సొంత టార్చిలైటు తెచ్చుకుందట. (అప్పటినుంచి మా ఇంట్లో ఆవిడ పేరు టార్చిలైటు టీచరమ్మ.) గది వైపు, దీపాల వైపు చూడలేదు. తిన్నగా కుడి మూలకి వెళ్లి, మోకాళ్ల మీద కూర్చుని, లైటు వేసింది.

"ఇక్కడుండాల్సింది ఏమైంది?"

"ఏది మేడమ్?"

"నల్ల మచ్చ. దాని మీద పెయింట్ వేసేశావా?"

"మచ్చేమిటి మేడమ్, ఇక్కడ ఎప్పుడూ ఏ మచ్చా లేదు!"

ఆవిడ సంచిలోంచి కాగితాలు తీసిందట. మా వెబ్‌సైట్ ఫోటోలన్నీ అచ్చు వేసి తెచ్చుకుంది. ప్రతి ఇంట్లోనూ పని మొదలుకాకముందు గోడ మీద మచ్చ లేదు. మా తమ్ముడు పూర్తిచేశాక అన్నిళ్లలోనూ కుడి మూలే, నల్లగా, చుట్టూ చెదిరి. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దిన మనిషి కదా, ఎర్ర పెన్నుతో చుట్లు కూడా చుట్టి తెచ్చింది.

"లేనిచోట కూడా నువ్వు తెప్పిస్తున్నావు," అందట. "ఇన్ని ఇళ్లలో ఒకే మూల ఎలా వస్తుందో మాత్రం నాకు అర్థం కాలేదు." టార్చిలైటు ఆర్పేసి, థాంక్యూ చెప్పి వెళ్లిపోయింది.

వాడు ఇంటికొచ్చి, చెప్పులు విప్పకుండానే కంప్యూటర్ తెరిచాడు. నేను చిక్కుడుకాయలు పట్టుకుని పక్కనే కూర్చున్నాను.

"అక్కా, ఇదేంటి?"

"ఏది?"

"ఈ మచ్చ!"

"మచ్చ ఏమిట్రా? దిష్టి చుక్క."

మరదలు వంటింట్లోంచి గరిటెతో వచ్చి, ఫోటోలన్నీ చూసి, గరిటె నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి పరుగెత్తింది. దగ్గిందో నవ్విందో ఆ దేవుడికే తెలియాలి. మేనకోడలికి ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టారు.

"ఓకే, నో ప్రాబ్లెమ్," అంది ఆ పిల్ల. "అత్తా, ఒరిజినల్ ఫోటోస్ ఎక్కడ సేవ్ చేశావు?"

"సేవ్ ఎందుకు చేస్తానే? పారేశాను."

"ఇట్స్ ఓకే. రీసైకిల్ బిన్‌లో ఉంటాయి. ఓపెన్ చెయ్యి."

"దాన్ని రోజూ సాయంత్రం ఖాళీ చేస్తాను. సంధ్యవేళ ఇంట్లో చెత్త ఉంచకూడదని మీ అమ్మ నీకు నేర్పలేదూ?"

"వదినగారూ, నేను నేర్పింది ఇంట్లో చెత్త గురించండీ!" అని వంటింట్లోంచి కేక.

"కెమెరా కార్డ్? ప్లీజ్ అత్తా, కార్డ్‌లో ఉన్నాయని చెప్పు."

"ఎప్పటికప్పుడు కడిగేశానుగా."

"కడిగావా!"

"నీళ్లతో కాదులేవే. అన్నీ చెరిపే బొత్తాం నువ్వే చూపించావుగా."

ఆ పిల్ల మెల్లగా అడిగింది, "అత్తా, జస్ట్ ఒకటి అడుగుతాను. బిఫోర్ ఫోటోస్‌కి ఎందుకు పెట్టలేదు? వాటికి కూడా పెట్టుంటే కనీసం డౌట్ వచ్చేది కాదు."

"పాడుబడ్డ గోడకి ఎవరి దిష్టి తగులుతుందే?" అన్నాను. నాకు నిజంగానే ఆ ప్రశ్న అర్థం కాలేదు.

ఈసారి మరదలు దాచుకోకుండా నవ్వింది. ఫోన్లో పిల్ల కూడా నవ్వింది. మా తమ్ముడు నవ్వలేదు. లేచి గరాజ్‌లోకి వెళ్లాడు. వాడికి బాధ కలిగితే స్క్రూలు సైజుల వారీగా డబ్బాల్లో సర్దుకుంటాడు. పెద్దదాన్ని కదా, నన్ను ఒక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది, నేనూ రెండు అనేదాన్ని. కాఫీ తీసుకెళ్లి పక్కన పెట్టాను.

"శుక్రవారం టెక్సాస్ వాళ్లకి ఫోన్ చేసేస్తానక్కా," అన్నాడు స్క్రూల వైపు చూస్తూ.

"సోమవారం చెయ్యి. ఈలోగా ఆదివారం ఉంది."

"ఆదివారం ఏం జరుగుతుంది?"

"ఫోటోలు పోయాయి కానీ గోడలు పోలేదుగా. పద, మళ్లీ తీద్దాం."

ఆ ఆదివారం మేనకోడల్ని కాలేజీ నుంచి పిలిపించి, ముగ్గురం వ్యాన్ ఎక్కాం. మా తమ్ముడికి ఒకటే సిగ్గు. పని అయిపోయిన ఇంటికి ఏ ముఖంతో వెళతామంటాడు. నేనే తలుపు తట్టేదాన్ని, పిల్ల మాట్లాడేది. ప్రతి ఇంట్లోనూ నేను ముందు బూట్లు విప్పించి (వాళ్ల చేత కూడా), కిందికి దిగి, మూల మూలా చెయ్యి పెట్టి చూసి, ఆవకాయ జాడీ మూత తీసి చూసినట్టు గోడని వాసన చూసేదాన్ని. ఎక్కడా చెమ్మ లేదు. డాక్టరుగారి ఇంట్లో ఆ వెన్నెల రంగు గోడ మీద పిల్లల ఎత్తులు పెన్సిల్‌తో గీసి ఉన్నాయి. ఇంకొకరింట్లో ఒక పెద్దాయన గదంతా బొమ్మ రైలు పట్టాలు పరిచాడు, మేం వెళ్లిన సంతోషంలో దాన్ని మూడు చుట్లు తిప్పి చూపించాడు. ఆ ఖాళీ గదులు అప్పుడెంత అందంగా ఉన్నా, మనుషులు కాపురం చేసిన గదుల ముందు ఎందుకూ కొరగావు. మేనకోడలు ఫోటోలు తీస్తూ, "అత్తా, ఇవి పాతవాటికంటే చాలా బెటర్!" అంది. ఆ రైలు పెద్దాయన మా తమ్ముడి భుజం తట్టి, పని అయ్యాక, అందులోనూ పిలవకుండా, మళ్లీ వచ్చిన కాంట్రాక్టరుని ఇదే చూడటం అన్నాడట. వచ్చావు కనుక, మెట్లకి కమ్మీ ఒకటి కావాలి, ఎప్పుడు వేస్తావు అని కూడా అడిగాడు. డాక్టరుగారి భార్య పైన ఉన్న స్నానాలగది చూపించి, అదీ బాగుచేయమంది. మా తమ్ముడు వంగి కొలతలు తీసుకుంటుంటే చెవులు ఎర్రబడటం చూశాను. చిన్నప్పుడు అగ్గిపెట్టె మేడ నిలబడ్డప్పుడూ అంతే.

"ఇక టార్చిలైటావిడ ఇల్లు," అన్నాను వ్యాన్ ఎక్కుతూ.

"వద్దక్కా. ఆవిడ పని ఇక మనకి రాదు."

"నువ్వు బండి నడుపు. మాట్లాడేది నేను."

టీచరమ్మ గుమ్మం ముందు గుమ్మడికాయ మెత్తబడి, ఒక పక్కకి ఒరిగి ఉంది. పది మందికి పులుసు అయ్యే కాయ! మనసులో తిట్టుకున్నాను. ఆవిడ తలుపు తీసి చేతులు కట్టుకుని నిలబడింది. నాకంటే సన్నగా, నాకంటే నిటారుగా, ముఖంలో నాకున్నంత నవ్వే ఉంది. అంటే లేదు. మేనకోడలు ఇంగ్లీషులో ఏదో మొదలుపెట్టబోతే ఆపి, నేను నా పర్సు తీశాను. అందులో ఎప్పుడూ ఒక ఫోటో ఉంటుంది: మా మేనకోడలు ఆర్నెల్ల పిల్లగా ఉన్నప్పటిది. నలుగు పెట్టి, స్నానం చేయించి, బుగ్గ మీద రూపాయంత నల్ల చుక్క నేనే పెట్టాను.

"అత్తా, నో! దట్ ఫోటో?"

"ఊరుకోవే," అని ఫోటో ఆవిడ చేతిలో పెట్టి, నాకొచ్చిన ఇంగ్లీషంతా వాడాను. "బేబీ. గుడ్ బేబీ. ఎవ్రీబడీ సీ, బేబీ సిక్. సో, బ్లాక్." బుగ్గ చూపించాను. తర్వాత ఆవిడ గుమ్మడికాయ చూపించాను. "యువర్ హౌస్, దిస్." మా తమ్ముడి చేతిలో ఉన్న వెబ్‌సైట్ కాగితం చూపించాను. "మై బ్రదర్ హౌస్, దిస్. సేమ్."

టీచరమ్మ ఫోటో చూసింది. గుమ్మడికాయ చూసింది. కాగితం మీద తను ఎర్ర పెన్నుతో చుట్టిన చుక్క చూసింది. మళ్లీ ఫోటో చూసి, "ఈ బేబీ ఎవరు?" అంది.

మేనకోడలు తల వంచుకుని చెయ్యెత్తింది.

ఆవిడ లోపలికి వెళ్లింది. తలుపు వేసుకుంటుందేమో అనుకున్నాం. టార్చిలైటు పట్టుకుని వచ్చింది. మా పిల్ల గడ్డం పట్టుకుని ముఖం పక్కకి తిప్పి, బుగ్గ మీద లైటు వేసి, దగ్గరగా వంగి, బోలెడంతసేపు చూసింది. తర్వాత లైటు ఆర్పి, మా తమ్ముడితో చాలా గంభీరంగా ఒక మాట అంది. మేనకోడలు వ్యాన్‌లో దాన్ని తెలుగులో చెప్పింది.

"మచ్చ లేదు. పైన పెయింట్ వేసిన గుర్తూ లేదు. లోపలికి రండి, కొలతలు తీసుకోండి."

ఆ చలికాలమంతా మా తమ్ముడు ఆవిడ బేస్‌మెంట్‌లోనే ఉన్నాడు. రోజూ సాయంత్రం టార్చిలైటుతో దిగి చూసేదట. పని పూర్తయి ఫోటో తీసేటప్పుడు, మీ అక్క చుక్క పెట్టదా అని అడిగిందట కూడా. టెక్సాస్‌కి సోమవారం ఫోన్ వెళ్లింది, రాలేనని. వ్యాన్ అమ్మలేదు. వెబ్‌సైట్ మీద కుంచె బొమ్మ నొక్కే అధికారం మాత్రం నా దగ్గర తీసేసుకున్నారు, బ్లాగు చెప్పే అధికారం ఉంచారు. నేనేమీ అనలేదు. అయినా చుక్కలన్నీ తీసేసిన వారానికే వ్యాన్ అద్దం పగిలింది. మీ ఇష్టం, నమ్మితే నమ్మండి.

చాలా ఏళ్లు గడిచాయి. మా తమ్ముడికి జుట్టు నెరిసింది, ఇప్పుడు సున్నప్పొడి పడ్డా తెలియదు. కంపెనీ లెక్కలు, వెబ్‌సైటు అన్నీ మేనకోడలే చూసుకుంటోంది, పెద్ద సంస్థకిచ్చి కొత్తగా చేయించిందట. మొన్న మనవరాలిని అడిగి, దాని కంప్యూటర్‌లో తెరిపించుకున్నాను. తెర నిండా ఒక పెద్ద ఇంటి ఫోటో, ఎంతో బాగుంది. కుడి పక్క కింది మూల మాత్రం నల్లటి మరక.

"కంప్యూటర్ దగ్గర తినొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పానే?" అని మనవరాలిని కసిరి, కొంగు చివర తడిపి రుద్దాను. పోలేదు. గోటితో గీరాను. మనవరాలు నవ్వుతూ పేజీని పైకి జరిపింది. మరక కూడా ఇంటితో పాటు పైకి వెళ్లింది. ఇంకో ఇల్లు వచ్చింది, దాని మూలా ఒకటి. ఆ తర్వాతి దానికీ ఒకటి.

కొంగు వదిలేసి, తెరకి దగ్గరగా జరిగాను. తెర మీద నేను రుద్దిన చోట తడి ఆరుతోంది.

"మీ మిషిగన్ అత్తకి ఫోన్ కలుపు," అన్నాను. "అంత పెద్ద ఇంటికి ఇంత చిన్న చుక్క ఏ మూలకొస్తుందో అడగాలి."